అన్నపాన నిరోధము

శ్రీ వీతరాగాయ నమః.



అహింసను గూర్చి మన కుటుంబములకు ఎవరును కొత్తగా చెప్పవలసిన పనిలేదు. వడగట్టని నీరు త్రాగము. కందమూలములు ఇంటికి తెచ్చుకొనము. సూర్యుడు అస్తమించిన పిదప పొయ్యి వెలిగింపని ఇండ్లు మనలో నేటికిని గలవు. భులేశ్వర్ వద్దనున్న పాంజరాపోలు 1834లో స్థాపింపబడినది. పాలు ఉడిగిన ఆవులకు, గాయపడిన మూగజీవములకు అచ్చట గ్రాసము పెట్టుటకై బొంబాయి వర్తకులు రెండు వందల యేండ్లకు కొంచెము తక్కువగా డబ్బు ఇచ్చుచునే యున్నారు. పనికిరాని పశువునకు సయితము తిండి మాన్పరాదని మన పెద్దలు నమ్మిరి. అట్లయిన, చక్కగా పనిచేయుచున్న మనుష్యునికి అన్నము మాన్పుటను ఏమనవలెను?

ఈ ప్రశ్న ఊరక వేసినది కాదు. పేఢీలలో, గాలాలలో, కార్ఖానాలలో, దుకాణములలో పనిచేయువారిలో పురుషుని యందే అనురాగము గల పురుషులు, స్త్రీ యందే అనురాగము గల స్త్రీలు కొందరుందురు. దేహము ఒక తీరున, తమలో తాము ఎరిగిన లింగభావము మరియొక తీరున గలవారును కొందరుందురు. వీరు పనిలో ఏ తప్పు చేయకపోయినను, ఈ సంగతి బయటపడినంతనే పని పోవుట, లేక పనిలో నిలువలేనంతగా ఎగతాళికి గురియగుట లోకములో జరుగుచున్నది. దీనిని గూర్చి మన ఇండ్లలో మాటలాడు అలవాటు లేదు. మాటలాడనంత మాత్రమున అన్యాయము ఆగదు. కనుక ధర్మగ్రంథములు మనకిచ్చిన మాటలతోనే దీనిని పరిశీలింతము.

అయిదవ అతిచారము

ఉమాస్వాతి ఆచార్యుడు తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో శ్రావకుని వ్రతములను చెప్పి, ఒక్కొక్క వ్రతమునకు అయిదేసి అతిచారములను లెక్కించెను. వ్రతము పూర్తిగా చెడకపోయినను దానికి తగులు మచ్చ అతిచారము. అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదును ఇవి: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాన నిరోధము. కట్టివేయుట, కొట్టుట, అవయవమును కోయుట, మోయలేని బరువు మోపుట, తిండిని నీటిని ఆపుట అని వాని అర్థము. బండికి ఎద్దును, ఇంటికి సేవకుని పెట్టుకొన్న గృహస్థుని ఎదుట నుంచుకొని ఆచార్యుడు చెప్పిన మాటలివి. తనను ఆశ్రయించి బ్రతుకు జీవిపట్ల యజమాని చేయు హింస ఎట్లుండునో ఈ అయిదింటిలో అంతయు ఇమిడియున్నది.

నేడు మన ఆశ్రయమున నున్నది ఎద్దు కాదు, గుమాస్తా. నెల జీతమే అతని అన్నపానములు. ఖోలీ అద్దె, ఊరిలోని తల్లి మందులు, తమ్ముని చదువు, అన్నియు దానిమీదనే నడచును. చిట్టాలో తప్పు లేక, గల్లాలో తరుగు లేక, వేళకు రాకపోవుట లేక, కేవలము అతని హృదయము ఎవరివైపు మొగ్గినదో తెలిసినందున ఆ జీతమును ఆపినచో, అది సాక్షాత్తు అన్నపాన నిరోధమే. పని తీసివేయక, దినమంతయు నలుగురిలో నవ్వులపాలు చేసినచో మాటలతో కొట్టినట్లే. తన బ్రతుకులో ఒక్క సంగతియు నోట రానీయక, రేయింబవళ్లు భయపడుచు పనిచేయునట్లు ఉంచినచో మోయలేని బరువు మోపినట్లే. చేయి ఎత్తలేదు గనుక హింస జరుగలేదని యజమాని అనుకొనరాదు.

మన వీధి మనకు నేర్పినది

ఈ విషయము ఫాక్‌లాండ్ రోడ్డువారికి ఇతరులకంటె సులభముగ తెలియవలెను. ఈ రోడ్డునకు ఇప్పుడు పఠ్ఠే బాపూరావు మార్గమని పేరు మారినను, పాత పేరే జనుల నోట నిలిచియున్నది. ప్రక్కనున్న కామాఠీపుర మన తెలుగువారి మూలముననే ఆ పేరు పొందినది. నిజాము రాజ్యపు తెలుగు జిల్లాలనుండి వచ్చి, రాళ్లు మోసి, సున్నము కలిపి, ఈ నగరపు కట్టడములను లేపిన కామాఠీలు ఇచ్చట కాపురముండిరి. వారి వెనుక బీడీలు చుట్టువారు, మిల్లులలో మగ్గములు నడుపువారు వచ్చిరి. ఇంతటి కష్టజీవుల పేరును నగరము కాలక్రమమున వేరొక అర్థముతో పలుకుట నేర్చుకొన్నది. ఇచ్చటి చాళ్లలో పెరిగి చదువుకొన్న పిల్ల ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయునపుడు చిరునామా వద్ద కలము ఎందుకు ఆగునో మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. మనిషిని చూడక వీధిని చూచి తీర్పు చెప్పుట అన్యాయమని మనము అందుము. పనిని చూడక అంతరంగమును తవ్వి తీర్పు చెప్పుటయు ఆ జాతి అన్యాయమే.

ఈ రోడ్డుమీదనే పిలా హౌస్ అను చోటు గలదు. నాటకశాలకు ఆంగ్లములో నున్న ప్లే హౌస్ అను మాట జనుల నోట అట్లు మారినది. స్త్రీపాత్రలను పురుషులు ధరించిన కాలమున మరాఠీ దేశము బాలగంధర్వుని నెత్తిన పెట్టుకొన్నది. మన తెలుగునాట స్థానం నరసింహారావు సత్యభామగా వచ్చినచో జనము వెర్రెత్తి చూచిరి. 1956లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ ఇచ్చినది. నటుని వేషమునకును అతని స్వంత జీవితమునకును సంబంధము లేదు. నేను చెప్పునది ప్రేక్షకుని గూర్చి. రంగస్థలముమీద సుకుమారమైన నడకను చూచి చప్పట్లు కొట్టిన చేతులే, దుకాణములో బట్టలు మడచు కుర్రవానికి సహజముగ అట్టి నడక యున్నచో వ్రేలెత్తి చూపును.

మరియొక సంగతి. క్రొత్త దుకాణము తెరచినపుడు, ఇంట మగశిశువు పుట్టినపుడు హిజ్రాలు వచ్చి దీవించుట ఈ నగరమున వాడుక. వారి నోటి దీవెన మంచిదని వర్తకుడు డబ్బు ఇచ్చును, శాపమునకు జంకును. అదే మనిషి మరునాడు వచ్చి, "దీవెన కాదు సేఠ్, పని ఇప్పించుము" అన్నచో ఎన్ని దుకాణములలో లోపలికి రమ్మందురు? దీవించుటకు యోగ్యుడైనవాడు తూకము వేయుటకు, పొట్లము కట్టుటకు ఎట్లు అయోగ్యుడగును?

తొమ్మిది నోకషాయములు

"ఇదంతయు సరే. మన శాస్త్రము దీనిని ఒప్పునా?" అని పెద్దలు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. శాస్త్రము ఏమి చెప్పినదో సరిగా చూతము.

చారిత్ర మోహనీయ కర్మలో కషాయములతో పాటు తొమ్మిది నోకషాయములు చెప్పబడినవి: హాస్యము, రతి, అరతి, శోకము, భయము, జుగుప్స, స్త్రీవేదము, పుంవేదము, నపుంసకవేదము. ఇచ్చట వేదమనగా గ్రంథము కాదు, కామానుభూతి. పురుషునియందు కోరిక స్త్రీవేదము. స్త్రీయందు కోరిక పుంవేదము. ఇరువురియందును కోరిక నపుంసకవేదము. దేహాకారమునకు కారణము నామకర్మ; ఈ అంతరంగ భావమునకు కారణము మోహనీయ కర్మ. రెండింటికిని కారణములు వేరు గనుక అవి ఎల్లప్పుడు ఒకటిగా నుండవలెనను నియమము లేదు. పదవ శతాబ్దమున నేమిచంద్ర సిద్ధాంత చక్రవర్తి తన గోమ్మటసారములో, దేహలింగమును భావవేదమును చాలవరకు సమముగ నుండునని, ఒక్కొక్కచో భిన్నముగ నుండునని స్పష్టముగ చెప్పెను. పాశ్చాత్య దేశముల వైద్యులు ఈ విషయమున పుస్తకములు వ్రాయుటకు దాదాపు తొమ్మిది వందల యేండ్లకు పూర్వపు మాట ఇది. ఇట్టివారు లోకములో ఉందురని మన ఆచార్యులకు తెలియును. వారిని చూచి ఆచార్యులు కలవరపడలేదు; కర్మసిద్ధాంతములో చోటిచ్చి వివరించిరి.

శాస్త్రము ఏ వేదమును మెచ్చలేదను మాట నిజము. మూడింటిని అగ్నితోనే పోల్చిరి. పెండ్లియాడి బిడ్డలను కన్న మన కోరికయు ఆ అగ్నులలో ఒకటియే. వేదోదయము తొమ్మిదవ గుణస్థానమువరకు జీవుని విడువదు. వ్రతములు స్వీకరించిన శ్రావకుడు ఎంత గొప్పవాడైనను అయిదవ గుణస్థానమున నున్నవాడు. కనుక ఈ లెక్కలో యజమానియు గుమాస్తాయు ఒకే పుటలో నున్నారు.

పట్టికను మరల చదువుడు. మూడు వేదములున్న ఆ పట్టికలోనే, వానికి సరిగా ముందు, జుగుప్స యున్నది. ఎదుటివానిని చూచి అసహ్యించుకొనుట కూడ మోహనీయ కర్మయొక్క ఫలమే, బంధహేతువే. ఎదుటివాని ఖాతాలో ఏ వేదము వ్రాసియున్నదో వెదకువాడు, తన ఖాతాలో జుగుప్స పేర ప్రతిదినము పెరుగుచున్న బాకీని చూచుకొనవలెను. ఎదుటివాని వేదమును తగ్గించుట మన చేతిలో లేదు. మన జుగుప్సను తగ్గించుకొనుట మన చేతిలో నున్నది.

అందుచేతనే సమ్యక్త్వపు ఎనిమిది అంగములలో నిర్విచికిత్స ఒకటిగా చెప్పబడినది. దానికి ఉదాహరణ ఉద్దాయన మహారాజు. ఒక దేవుడు ఆయనను పరీక్షింపదలచి, వ్యాధిగ్రస్తుడైన మునివేషమున వచ్చి, ఆహారము తిని రాజు మీదనే వాంతి చేసుకొనెను. పరిజనులు దూరముగ తొలగిపోయిరి. రాజు ముఖము చిట్లింపక, తాను పెట్టిన ఆహారమే సరిపడలేదేమోయని చింతించుచు, స్వహస్తములతో ఆ దేహమును కడిగెను. ఈ కథను మనము పర్యూషణములో, దశలక్షణ పర్వములో వినుచుందుము. ఉద్దాయనునకు ఎదురైనది దుర్గంధము. మన గుమాస్తాయందు అదియు లేదే! స్నానము చేసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, వేళకు వచ్చి కూర్చున్న మనిషిని చూచి ముక్కు మూసుకొనుట ఏ అంగమున చేరును?

న్యాయస్థానములు చెప్పినది

1860లో ఆంగ్లేయులు చేసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షను పురుషుల అనురాగమును నేరముగ చేసినది. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దలు ఇష్టపూర్వకముగ ఏకాంతమున నడచుకొనుట నేరము కాదన్నది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసినది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగ ఆ నేరమును తొలగించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. కోర్టుకు పోయినవారిలో నాట్యకళాకారుడు నవతేజ్ సింగ్ జోహార్‌తో పాటు భోజనశాలలు నడపు రీతూ డాల్మియా, హోటళ్ల వ్యాపారులు అమన్ నాథ్, కేశవ్ సూరి ఉండిరి. వ్యాపార కుటుంబములలో ఇట్టివారు లేరను మాట దీనితో తీరినది.

పని విషయమున జరిగినవి మూడు చెప్పెదను. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయములో మరాఠీ బోధించుచుండిన డాక్టరు శ్రీనివాస రామచంద్ర సిరాస్ ఇంటిలోనికి 2010 ఫిబ్రవరిలో కొందరు కెమెరాలతో చొరబడి, ఏకాంతమున మరియొక పురుషునితో నున్న ఆయనను చిత్రీకరించిరి. చొరబడుట నేరము. విశ్వవిద్యాలయము సస్పెండు చేసినది మాత్రము ఆయనను. ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు సస్పెన్షనును నిలిపివేసినది. ఏప్రిల్ 7న ఆయన తన గదిలో మరణించియుండుట కనుగొనిరి. తీర్పు ఒక్క వారము ముందు వచ్చినను ఆ జీవుని నిలుపజాలకపోయినది.

రెండవది ఉత్తరప్రదేశ్‌లో ఒక హోంగార్డు సంగతి. పురుషునితో అతని స్నేహము వీడియోలో బయటపడినదని అతని నియామకమును రద్దు చేసిరి. 2021లో అలహాబాదు హైకోర్టు ఆ రద్దును కొట్టివేసి, మరల పనిలోనికి తీసుకొమ్మని ఆజ్ఞాపించినది.

మూడవది మన తెలుగుదేశమున జరిగినది. ఆదిలాబాదులో వైద్యవిద్య చదివిన డాక్టరు ప్రాచీ రాథోడ్ ట్రాన్స్‌జెండరు. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేండ్లు పనిచేసిన తరువాత, సంగతి తెలిసి, మీరుండిన రోగులు రారని చెప్పి పనినుండి తప్పుకొమ్మనిరని ఆమె పత్రికలకు చెప్పిరి. 2022లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి ఆమెను, అట్టివారే యగు డాక్టరు రూత్ జాన్ పాల్‌ను వైద్యాధికారులుగ నియమించినది. రోగులు రాకపోలేదు. నాడి పట్టు చేయి ఎవరిదను విచారము జ్వరముతో వచ్చినవానికి ఉండదు.

చట్టము ఎంతవరకు వచ్చినదో కూడ తెలిసికొనుట మంచిది. ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కులకై 2019లో పార్లమెంటు చేసిన చట్టము 2020 జనవరి 10న అమలులోనికి వచ్చినది. ఉద్యోగములో వారిపట్ల వివక్ష చూపరాదని, ప్రతి సంస్థయు ఫిర్యాదులు వినుటకు ఒక అధికారిని నియమింపవలెనని అది చెప్పినది. అందలి సంస్థ అను మాటలో కంపెనీలే కాక ఫర్ములును చేరును. అనగా మన పేఢీలును చేరును. స్వలింగానురాగము గలవారి విషయమున, ప్రైవేటు దుకాణమును పేరుపెట్టి కట్టడి చేయు ప్రత్యేక కేంద్రచట్టము లేదు. 2018 నాటి తీర్పు, రాజ్యాంగములోని 15వ అధికరణము వీరికిని రక్షయని చెప్పినను, ఆ అధికరణము ముఖ్యముగ ప్రభుత్వమును కట్టునది. అమెరికాలో 2020 జూన్ 15న అచ్చటి సుప్రీంకోర్టు, ఈ కారణమున ఎవరిని పనినుండి తీసినను 1964 నాటి పౌరహక్కుల చట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. అచ్చట కంపెనీలలో పనిచేయు మన పిల్లలు ఆ నియమముక్రిందనే పనిచేయుచున్నారు. ఇచ్చట చట్టము నోరు తెరువని చోట గుమాస్తాకు మిగిలిన రక్ష సేఠ్ యొక్క ధర్మబుద్ధి ఒక్కటే. పోలీసు చూడని చోట నడుచుకొనుటకే గదా మనము వ్రతము పట్టుట!

సత్యవ్రతపు మచ్చలు

సత్యాణువ్రతమునకును అయిదు అతిచారములు చెప్పిరి. అందు మూడు ఈ విషయమునకు నేరుగ తగులును. రహోభ్యాఖ్యానమనగా ఏకాంతమున జరిగినదానిని బయట పెట్టుట. సాకారమంత్రభేదమనగా ముఖకవళికలనుబట్టి, సైగలనుబట్టి ఎదుటివాని రహస్యము పసిగట్టి నలుగురికి చెప్పుట. కూటలేఖక్రియ యనగా అబద్ధపు వ్రాత వ్రాయుట.

గుమాస్తా ఫోనులో ఒక చిత్రము చూచి, మధ్యాహ్నము టీ వేళకు మార్కెట్టంతయు చెప్పినవాడు రహోభ్యాఖ్యానము చేసినవాడు. "వాని తీరు చూచితిరా" అని కన్ను గీటినవాడు సాకారమంత్రభేదము చేసినవాడు. అసలు కారణము దాచి, "వ్యాపారము తగ్గినది, పని లేదు" అని ఉత్తరమిచ్చి, మరుసటి వారము ఆ కుర్చీలో మరియొకని కూర్చుండబెట్టినవాడు కూటలేఖ వ్రాసినవాడు. చెప్పినది నిజమే గదాయని మొదటి యిద్దరును వాదింతురు. నిజము చెప్పియు సత్యవ్రతమునకు మచ్చ తెచ్చుకొనవచ్చునని ఆచార్యుడు ముందుగనే ఎరిగి ఈ అతిచారములను చెప్పెను.

జినేంద్రభక్త శ్రేష్ఠి కథ మనవంటి వర్తకుని కథయే. బ్రహ్మచారి వేషమున ఇంట చేరిన దొంగ చైత్యాలయములోని రత్నమును ఎత్తుకొని పోవుచు పట్టుపడెను. ధర్మమునకు అపనింద రాకూడదని శ్రేష్ఠి, "నేనే తెమ్మంటిని" అని నలుగురిలో చెప్పి, తరువాత ఏకాంతమున అతనిని మందలించి పంపెను. దీనిని ఉపగూహనమందురు. నిజముగ దొంగిలించినవాని మానమునే ఒక శ్రేష్ఠి కాపాడెను. ఏమియు దొంగిలింపనివాని మానమును కాపాడుట మనకేమి బరువు?

మూడు ఆక్షేపణలు

మొదటిది: "బ్రహ్మచర్యాణువ్రతము స్వదార సంతోషమును చెప్పినది గదా!" చెప్పినది. వ్రతము పట్టినవాడు తన్ను తాను కొలుచుకొను కొలబద్ద అది. మన పేఢీలలో మాంసము తినువారు, రాత్రి భోజనము చేయువారు, ఇతర మతస్థులు పనిచేయుచున్నారు. వారి కంచమును చూచి మనము జీతము ఆపుట లేదు. ఒక్క ఈ విషయమునందే మన వ్రతమును వారి మెడకు కట్టుట న్యాయమా?

రెండవది: "గిరాకీ పోవును." గిరాకీ వచ్చునది సరకు నాణ్యతకు, సరియైన తూకమునకు, మాట నిలుకడకు. తప్పు తూకము వేయు గుమాస్తావలన పోవు గిరాకీకంటె, నడక వేరుగానున్న గుమాస్తావలన పోవు గిరాకీ ఎక్కువని ఏ ఆవర్జా చెప్పలేదు. పైగా తొమ్మిదేండ్లు పని నేర్చినవానిని పోగొట్టుకొని కొత్తవానికి మరల నేర్పుట ఎంత ఖర్చో వ్యాపారికి తెలియును.

మూడవది: "తక్కిన పనివారు చెడుదురు." అనురాగపు తీరు అంటువ్యాధి కాదు. ఏ గుమాస్తాయైనను, ఎట్టివాడైనను, తోటివారిని బలవంతపెట్టినచో, అసభ్యముగ తాకినచో శిక్షింపవలసినదే. ఆ నియమము అందరికిని ఒకటే యుండవలెను. ఒకని నడతను శిక్షించుట యజమాని ధర్మము. ఒకని పుట్టుకను శిక్షించుట అధర్మము.

పేఢీలో చేయదగినవి

ఉపన్యాసము ఇంటికి చేరునాటికి ఆవిరియైపోవుట కద్దు. కనుక రేపు ఉదయమే దుకాణములో చేయదగినవి కొన్ని చెప్పెదను.

పనికి తీసుకొనునప్పుడు లెక్క వచ్చునా, భాష వచ్చునా, నమ్మకస్థుడా అని అడుగుడు. "ఇంకను పెండ్లి ఏల కాలేదు?" అను ప్రశ్న మానుడు. మన పేఢీలలో ఆ ప్రశ్న వాత్సల్యముతోనే అడుగుదురు. కాని కొందరికి అది దినదినము పొడుచు సూది. పెండ్లికొప్పుకొన్నచోనే జీతము పెంచెదనని చెప్పుట అతని బ్రతుకునే కాక, ఏమియు ఎరుగని ఒక ఆడపిల్ల బ్రతుకును కూడ పాడుచేయుట.

దుకాణములో ఎగతాళి పేర్లు వినబడిన క్షణమున సేఠ్ స్వయముగ ఆపవలెను. సేఠ్ నవ్వినచో పదిమంది నవ్వుదురు. సేఠ్ ఊరకున్నచో అయిదుగురు నవ్వుదురు. సేఠ్ "చాలును" అన్నచో మరునాటికి అది సద్దుమణుగును. గుమాస్తా తనంతట తాను నమ్మి చెప్పిన సంగతిని అతని ఇంటికిగాని, ఊరికిగాని, సమాజపు పెద్దలకుగాని అతని అనుమతి లేక చేరవేయరాదు. అట్లు చేరవేసిన కబురువలన ఇండ్లనుండి వెళ్లగొట్టబడినవారు ఈ నగరమున ఎందరో కలరు. అట్టివారికి తోడుగ నిలుచుటకే 1994లో అశోక్ రావు కవి ముంబయిలో హంసఫర్ ట్రస్టును స్థాపించిరి.

కష్టసుఖములు చెప్పుకొనుటకు పేఢీలో ఒక పెద్దను నియమింపుడు. పనినుండి ఎవరినైన తీయవలసి వచ్చినచో, పనికి సంబంధించిన కారణమును కాగితముమీద వ్రాయుడు. వ్రాయుటకు సిగ్గుపడు కారణమైనచో అది తీయదగిన కారణము కాదని తెలిసికొనుడు.

ఖోలీ సంగతి కూడ పని సంగతియే. 2017లో కొచ్చి మెట్రోలో ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు ఉద్యోగములు ఇచ్చిరి. దేశమంతయు మెచ్చుకొన్నది. కాని ఊరిలో ఇల్లు అద్దెకిచ్చువారు లేక కొందరు కొలది దినములకే ఉద్యోగము మానుకొనిరి. ఉద్యోగమిచ్చిన చేయి ఒకటి, తలుపు మూసిన చేయి మరియొకటి. మనలో చాలమంది దుకాణమునకు యజమానులే కాక గదులకును యజమానులు. అద్దె వేళకు ఇచ్చునా, ఇరుగుపొరుగుతో మర్యాదగ నుండునా అని చూచి ఖోలీ ఇండు. మిగిలిన విచారణ మనకేల?

ముగింపు

తీర్థంకరుని సమవసరణమున దేవతలకు, మనుష్యులకు, పశుపక్ష్యాదులకు కూడ కూర్చుండ చోటుండెనని విందుము. పులియు లేడియు ప్రక్కప్రక్కన కూర్చుండి విన్నవట. అందు ఎవరిని వాకిట నిలిపి నీ వేదమేదియని అడిగినట్లు ఏ ఆచార్యుడును వ్రాయలేదు. శ్వేతాంబర ఆగమములు సిద్ధుల పదునైదు భేదములలో నపుంసకలింగ సిద్ధులను కూడ లెక్కించినవి. దిగంబరుల సిద్ధాంతము ఇందు వేరు. మోక్షద్వారమును గూర్చి ఆచార్యులు చర్చింతురుగాక. దుకాణపు ద్వారమును గూర్చి మనము చర్చింప నక్కరలేదు.

దీపావళినాడు, మహావీర ప్రభువు నిర్వాణ దినమున, కొత్త చోపడాకు పసుపు కుంకుమలు పెట్టి శుభము లాభము అని వ్రాయుదుము. లాభము గల్లాలో లెక్కకు వచ్చును. శుభము ఏ పద్దున లెక్కకు వచ్చునో ఆ దినమున ఒకసారి విచారింపుడు. ఆ యేట మన ఆశ్రయమున బ్రతికిన వారిలో ఎవరి అన్నమును అన్యాయముగ ఆపకుండిన, ఎవరి రహస్యమును బజారున పెట్టకుండిన, అదియే శుభము.

క్షమాపణ దినమున సమస్త జీవరాసులను క్షమింపుమని కోరుదుము. ఎనుబది నాలుగు లక్షల జీవయోనులకు ఒక్క మాటలో చెప్పుకొనుట సులభము. పని పోగొట్టుకొని, అద్దె కట్టలేక, కామాఠీపుర సందులో తలవంచుకొని పోవుచున్న ఒక్క మనుష్యుని ఎదుట నిలిచి, "రమ్ము, నీ కుర్చీ నీదే" అని పిలుచుట కష్టము. శ్రావకులు ఆ కష్టమైన పనికి పూనుకొందురు గాక.

జై జినేంద్ర.